ఇరవై రెండు చెంచాలు

"ఊపిరి బిగపట్టకండి, మామూలుగా వదలండి," అంది ఆమె, టేపును భర్త నడుము చుట్టూ తిప్పి బొడ్డు మీద రెండు కొసలూ కలుపుతూ.

"నేనేం బిగపట్టలేదు. అదే బిగుసుకుని కూర్చుంది."

"కదలకండి."

"కదిలితే తగ్గుతుందా ఏంటి?"

ఆమె అంకె చూసింది. నూట ఆరు. కళ్ళజోడు పైకి తోసుకుని మళ్ళీ చూసింది. నూట ఆరే. నిన్న నూట అయిదు. సోమవారం నూట మూడు. ఇరవై ఆరేళ్ళుగా బట్టలు కుట్టి బతుకుతున్న మనిషి. కొలత తక్కువ రావాలని పొట్ట లోపలికి పీల్చేవాళ్ళని ఎంతమందిని చూసిందో లెక్కలేదు. వాళ్ళతో ఏదో కబురు కలిపి, నవ్వించి, ఊపిరి వదిలిన క్షణంలో టేపు బిగించడం ఆమెకి మంచినీళ్ళ ప్రాయం. ఈ మనిషిని మాత్రం నవ్వించి ఎనిమిది నెలలయింది.

తరవాత తూకం. ఆయన గోడ పట్టుకుని మిషను మీదికెక్కాడు.

"ఎంత?"

"కిందికి చూస్తే మీకే కనబడుతుందిగా."

"నా కాళ్ళు నాకు కనబడి నెలయింది. ఇంక అంకెలేం కనబడతాయి?"

నిన్నటికన్నా కిలో మీద రెండువందల గ్రాములు ఎక్కువ. ఒక్క రోజులో అంత కండ ఎవరికీ పట్టదు. అది నీరు. ఆమె నోటుబుక్కు తీసి తేదీ వేసి, రెండు అంకెలూ రాసి, పెన్సిల్ని టేబుల్ మీద కాస్త గట్టిగానే పెట్టింది.

"ఆ పెన్సిలేం చేసింది?" అన్నాడాయన చొక్కా తొడుక్కుంటూ.

ఆ చొక్కా ఆమె రెండుసార్లు విప్పి కుట్టింది. భుజాల దగ్గర లోపలికి పట్టింది, పొట్ట దగ్గర రెండు పక్కలా గుడ్డ అతికింది. డాక్టరు నోట సిర్రోసిస్ అనే మాట రాకముందే ఆ చొక్కా ఆమెకి సంగతి చెప్పింది. లావెక్కే మనిషికి చేతులు కూడా లావెక్కాలి. ఈయనకి చేతులు పుల్లల్లా అవుతూ పొట్ట కుండలా అవుతోంది. కొలతలు ఎక్కడో తేడా కొడుతున్నాయని అప్పుడే అంది. "నీ కుట్టే వంకరేమో చూసుకో," అన్నాడాయన.

ఆయన ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంట మేస్త్రీ. ఆరువందల మందికి వండిన చెయ్యి. పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. గేటు కాపలావాడి నుంచి పెద్ద మేనేజరు దాకా అందరికీ మేస్త్రీయే. చుక్క తాగింది లేదు. అయినా లివరు గట్టిపడిపోయిందని తెలిసినప్పుడు చూడ్డానికొచ్చిన ప్రతివాడూ మొహం జాలిగా పెట్టి, కనుబొమ్మలు మాత్రం పైకెత్తాడు. షుగరు వల్లా, లివర్లో పేరుకున్న కొవ్వు వల్లా కూడా వస్తుందని ఆమె చెప్పీ చెప్పీ అలిసిపోయి, చివరికి "అవునండీ, పీపాలు పీపాలు తాగాడు," అనడం మొదలుపెట్టింది.

కడుపులో చేరిన నీటిని ఇప్పటికి రెండుసార్లు సూదితో తీశారు. రెండోసారి నాలుగు లీటర్లు. ఆ రోజు డాక్టరు ఆమెను పక్కకి పిలిచి చెప్పిన మాట ఒకటే. నెల తిరక్కుండా మూడోసారి నీరు తీయాల్సి వస్తే కిడ్నీలు తట్టుకోలేవు. ఈ నెలకి ఇంకా పదకొండు రోజులుంది.

ఉప్పు మానెయ్యాలి, మాంసకృత్తులు పెంచాలి. చెప్పడానికి ఒక్క ముక్క. ఉప్పు డబ్బాను ఆమె జబ్బు సంగతి తెలిసిన రోజే పక్కింటివాళ్ళకి ఇచ్చేసింది. బయటి బ్రెడ్డులో ఉప్పుంటుందని తెలిసి బ్రెడ్డు మానిపించింది. గ్యాసుకని నీళ్ళలో వేసుకునే బుసబుస బిళ్ళల్లో కూడా సోడియం ఉంటుందంటే అవి చెత్తబుట్టలో పోసింది. ఉప్పుకి బదులు అమ్మే పొడి కొందామనుకుంటే, అందులో పొటాషియం ఉంటుంది, వీళ్ళకి ప్రమాదం అన్నారు. ఇక మిగిలింది నిమ్మకాయ, మిరియాలు, వెల్లుల్లి, ఆమె ఓపిక.

మాంసకృత్తుల సంగతి ఇంకో తలనొప్పి. లివరు పని చెయ్యనప్పుడు ఒళ్ళు తన కండను తానే తినేస్తుందట. అందుకని ఆకలి ఉన్నా లేకపోయినా రోజుకి ఆరుసార్లు కొంచెం కొంచెం పెట్టాలి. పొద్దున్న రెండు గుడ్లు, పదింటికి పెరుగు, మధ్యాహ్నం చేపో కోడిమాంసమో, నాలుగింటికి ఉడికించిన గింజలు, సాయంత్రం పప్పు, పడుకోబోయే ముందు పాలో ఇంకోటో. అన్నీ ఉప్పు లేకుండా. అన్నీ, ముప్ఫై ఏళ్ళు ఆరువందల మంది చేత చేతులు నాకించిన మనిషి ముందు పెట్టాలి.

ఆ పొద్దున్న గుడ్ల పళ్ళెం ముందు పెడితే ఆయన దాన్ని ముట్టుకోకుండా చుట్టూ తిప్పి చూశాడు.

"దీనికేం జరిగింది?"

"ఉడికింది."

"ఉడికిందో, ఉసూరుమందో. నిన్న కోడికూర కూడా అంతే. కూరా అది? కోడికి స్నానం చేయించిన నీళ్ళు."

"నేను కూడా అదే తింటున్నాను కదండీ."

"నీకేం? నీకు నాలుక మాట్లాడ్డానికే. నాకది పనిముట్టు."

ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో ఆమె వంటను ఆయన ఒక్కసారి మెచ్చుకున్నాడు. అదీ తీరా చూస్తే పక్కింటివాళ్ళు పంపిన కూర. అప్పుడు ఆమె నవ్వేసింది. ఇప్పుడు నవ్వు రావడం లేదు. గుడ్ల మీద నిమ్మకాయ పిండి, మిరియాల పొడి చల్లి, పిల్లాడికి తినిపించినట్టు ఎదురుగా కూర్చుంది. రెండు గుడ్లూ లోపలికి పోయేసరికి ఇరవై నిమిషాలయింది. కుట్టు దుకాణం తెరవడానికి ఆలస్యమయింది.

దుకాణానికి కూడా ఎక్కువసేపు లేదు. పదకొండింటికి ఆసుపత్రిలో డైటీషియన్ని కలవాలి. నోటుబుక్కు సంచిలో పెట్టుకుని వెళ్ళింది.

డైటీషియన్ చిన్నపిల్ల, కూతురి వయసుండేది, ఉంటే. మంచిదే. కానీ అలిసిపోయి ఉంది. వరసలో తనకు ముందు తొమ్మిది మంది, వెనక పదమూడు మంది. నోటుబుక్కును పేజీ తరవాత పేజీ వేలితో కిందికి జార్చుకుంటూ చదివింది.

"గుడ్లు బాగున్నాయి. చేప బాగుంది. పెరుగు కొలిచి పెడుతున్నారా?"

"గ్రాముల్లో తూచి పెడుతున్నానమ్మా."

"ఎంత చక్కగా రాశారు ఆంటీ. ఇలా రాసేవాళ్ళు నాకు ఇంకెవరూ లేరు." పిల్ల తలెత్తింది. "ఈ బుక్కు నిజమైతే ఆ బరువు పెరక్కూడదు."

"నిజమైతే అంటే?"

"అంటే... ఎక్కడి నుంచో ఉప్పు పడుతోంది."

"మా ఇంట్లో ఉప్పు డబ్బాయే లేదు."

"నేను మిమ్మల్ని అనడం లేదు ఆంటీ. కానీ ఇంట్లో ఎవరో ఒకరు నిజం చెప్పడం లేదు. నోట్లోకి వెళ్ళిన ప్రతిదీ ఇందులో ఉందా?"

"మంచినీళ్ళతో సహా ఉంది," అంది ఆమె. గొంతు కాస్త లేచింది. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు తలుపు వైపు చూశారు.

"సరే ఆంటీ. నీరు తోడే ఈ మాత్ర డాక్టరుగారిని అడిగి మారుస్తాను. కానీ మాత్రలు ఒక చేత్తో తోడుతుంటే ఇంకో చేత్తో ఎవరో పోస్తే ఎలా?"

దారి పొడుగునా ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఎవరో పోస్తున్నారట. ఎవరు? పోయిన ఆదివారం వచ్చిన ఆడపడుచా? "ఉప్పు లేని తిండి పెట్టి నా తమ్ముణ్ణి ఎండగడుతున్నావు మరదలా," అని సణిగి, సంచిలోంచి నంజుకునే పొట్లమేదో తీయబోయింది. ఆ పొట్లాన్ని ఆమె గుమ్మం దాటనివ్వలేదు. ఆ కోపంతో వదిన టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది. పోనీ ఆయనే దొంగచాటుగా వీధి చివరి కొట్టుకి వెళ్తున్నాడా? చొక్కా జేబులు, మంచం కింద, పాత పెట్టె వెనక అన్నీ వెతికింది. ఒక్క పొట్లం కాయితం లేదు. పైగా ఆయన అబద్ధాలాడే మనిషి కాడు. నోటిదురుసు ఉంది, దొంగతనం లేదు.

ఒంటిగంటకి ఇంటికి చేరింది. ఆయన కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. చేప వేడి చేద్దామని వంటింట్లోకి వెళ్ళి, ముందు చేతులు కడుక్కోబోయింది. తొట్లో ఆరు చెంచాలున్నాయి.

రోజూ ఉండేవే. పొద్దున్న ఆరు, సాయంత్రం అయిదు. రోజూ తోమేవే. క్యాంటీన్లో ఇప్పుడు వంట చూస్తున్న అమ్మాయి, ఆయన కింద తొమ్మిదేళ్ళు పని నేర్చుకున్నది, మధ్యాహ్నం వంటకని పదిన్నరకీ, సాయంత్రం షిఫ్టు వంటకని నాలుగింటికీ వస్తుంది. చిన్న చిన్న గిన్నెల్లో నమూనాలు తెస్తుంది. ఆయన రుచి చూసి ఏది తక్కువో ఏది ఎక్కువో చెబుతాడు. ఒక గిన్నె చెంచా ఇంకో గిన్నెలో పెట్టడు. గిన్నెకో చెంచా, దాంతో రెండేసి చెంచాల కూర. మొదటిది నాలుకకి, రెండోది గొంతుకి అంటాడు. మింగితే గానీ వెనక రుచి తెలియదట. ఒక్క చెంచాతో తీర్పు చెప్పేవాణ్ణి ఆయన వంటింట్లో నిలబడనివ్వలేదు.

ఆమె ఆరో చెంచా కడిగి బోర్లించింది. మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

ఈ చెంచాలు బుక్కులో లేవు.

మర్చిపోయి రాయకపోవడం కాదు. రాయాలని తోచనే లేదు. పెళ్ళయిన కొత్తలో ఆయన రాత్రి ఇంటికి వచ్చి, "పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు," అనేవాడు. పదకొండు గిన్నెలు రుచి చూసి వచ్చిన మనిషి. ఆమె జాలిపడి వడ్డించేది. రుచి చూసింది తిన్న లెక్కలోకి రాదన్నది ఆ ఇంట్లో గోడల్లాంటి మాట. గోడల్ని ఎవరు బుక్కులో రాస్తారు?

పైగా ఆ అమ్మాయిని రమ్మన్నది ఎవరు? తనే. క్యాంటీన్ మాన్పించిన వారానికి ఆయన గోడకేసి తిరిగి పడుకుని అన్నం మానేస్తే, తనే దుకాణం మూసి క్యాంటీన్ గేటు దగ్గరికి వెళ్ళి, "రోజూ వచ్చి ఆయన సలహా అడిగి వెళ్ళమ్మా, మనసు కుదుటపడుతుంది," అని బతిమాలింది. అప్పటి నుంచే ఆయన లేచి కూర్చున్నాడు. ఆ సంగతి డాక్టరుకి కూడా గొప్పగా చెప్పింది.

మందుసీసాతో వచ్చిన కొలిచే గ్లాసు పక్కనే ఉంది. ఆమె చెంచా నిండా నీళ్ళు తీసి గ్లాసులో పోసింది. క్యాంటీన్ చెంచా, లోతుగా ఉంటుంది. పన్నెండు గీతల దాకా వచ్చింది. రోజుకి పదకొండు గిన్నెలు, అంటే ఇరవై రెండు పన్నెండ్లు. ఆమె లెక్క కట్టలేక కాదు గానీ, నమ్మలేక ఇరవై రెండు చెంచాల నీళ్ళూ ఒక్కొక్కటే తీసి పెద్ద గ్లాసులో పోసింది. గ్లాసు నిండి పొర్లింది. ఆరువందల మంది కోసం ఉప్పు వేసిన కూరల రసం, రోజూ ఒక గ్లాసు మీద కొంచెం. తను గ్రాములు తూచి, నిమ్మకాయలు పిండి, తిట్లు తిని పెట్టిన తిండంతా ఒక పక్క, ఈ గ్లాసు ఇంకో పక్క.

దాన్ని తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టింది.

"నీళ్ళు కొలిచి తాగమన్నారు కదా. ఇంత ఒక్కసారే తెచ్చావేం?" అన్నాడు కళ్ళు తెరిచి.

"తాగడానికి కాదు. రోజూ మీరు రుచి చూసేది ఇంత."

ఆయన గ్లాసు చూశాడు, ఆమెను చూశాడు. "రుచి చూడ్డం తినడమా?"

"కడుపులోకి పోతే తినడమే."

"ముప్ఫై ఏళ్ళ నుంచి చూస్తున్నా. ఏనాడైనా దాంతో నా కడుపు నిండిందా?"

"ఇప్పుడు నిండింది కదండీ! నూట ఆరు దాకా నిండింది!" అంది. ఇంట్లో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. "ఇంకా పదకొండు రోజులుంది. మూడోసారి సూది వేస్తే కిడ్నీలు పోతాయని నాతో చెప్పారు. మీతో చెప్పొద్దన్నారు, భయపడతారని. ఇదిగో, చెబుతున్నా. భయపడండి!"

ఆయన గ్లాసును వేలితో పక్కకి జరిపాడు. తరవాత, "చేప తెస్తావా, ఎదురుచూస్తూ ఈదిపోతుందా?" అన్నాడు.

చేప తిన్నాడు. మారు మాట్లాడకుండా మొత్తం తిన్నాడు. ఆమెకి భయమేసింది. దుకాణానికి మళ్ళీ వెళ్ళలేదు. ఎవరిదో కోటు రేపటికిస్తానని మాటిచ్చింది, అది మిషను మీద సగం కుట్టు మీద ఉంది. ఉండనీ అనుకుని నాలుగయ్యేదాకా గుమ్మంలో కూర్చుంది.

నాలుగు కొట్టగానే ఆ అమ్మాయి వచ్చింది. చేతిలో క్యారియరు, భుజం మీద ఇంకా తడి తువ్వాలు.

"అక్కా, ఇవాళ దుకాణం లేదా?"

"గిన్నెలు లోపల పెట్టకు. అవి వెనక్కి తీసుకుపో."

"ఎందుకు?"

"రానీవే దాన్ని," లోపలి నుంచి ఆయన కేకేశాడు. అప్పటికే టేబుల్ మీద అయిదు చెంచాలు వరసగా పెట్టుకున్నాడు. "మీ అక్కకి ఇవాళ డాక్టరీ పూనింది. నువ్వు రా అమ్మాయ్. నేను మింగను. నాలుక మీద వేసుకుని ఉమ్మేస్తా. సరేనా? దానికీ తంటాయేనా?"

"రెండో చెంచా గొంతుకన్నారుగా," అంది ఆమె.

ఆయన మొహం ఎర్రబడింది. "ఆ రెండో చెంచా లేకపోతే అక్కడ ఆరువందల మంది ఏం తింటారే? ఈ పిల్లకింకా చెయ్యి కుదరలేదు. నేను చెప్పకపోతే రోజూ ఉప్పు కషాయం వండుతుంది. నిన్న అయిదు గిన్నెల్లో అయిదూ ఉప్పెక్కువ. మొన్నా అంతే. అడుగు, అబద్ధమైతే."

అమ్మాయి గుమ్మంలోనే నిలబడింది. క్యారియరు ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంది.

"చూశావా?" ఆమె అమ్మాయి మీదికి తిరిగింది. "నువ్వైనా ఆలోచించాలి కదా. ఉప్పు విషమని తెలుసు. నీ ఉద్యోగం నిలబెట్టుకోడానికి రోజూ తెచ్చి ఆయన నోట్లో పోస్తున్నావు. తొమ్మిదేళ్ళు నేర్చుకుని ఒక్కదానివీ వండలేవా?"

అనేశాక తప్పు మాట అని తెలిసింది. కానీ పొద్దున్నుంచీ, కాదు, ఎనిమిది నెలల నుంచీ లోపల కుక్కిందంతా ఎవరో ఒకరి మీద పడాలి.

"నా ఉద్యోగమా?" అంది అమ్మాయి. "రమ్మన్నది మీరు కాదా అక్కా? గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది మీరు కాదా? రెండుపూటలా పొయ్యి మీద పని వదిలేసి, ఎండలో బస్సెక్కి వస్తున్నా. నాకేం ఒరుగుతోందని?"

"నేర్చుకోడం ఒరగడం కాదా?" అన్నాడాయన.

"గురువుగారూ, మీరు ఊరుకోండి."

ఆయనతో ఆ మాట అన్నవాళ్ళు లేరు. నిజంగానే ఊరుకున్నాడు.

"మొదటి నెల మీరు చెప్పినట్టే చేశాను. బాగానే ఉంది. తరవాత్తరవాత ప్రతిదానికీ ఉప్పెక్కువంటున్నారు. సగానికి తగ్గించమన్నారు, తగ్గించాను. మనుషులు పళ్ళేలు వెనక్కి తోశారు. ఆసుపత్రి కూడు పెడుతున్నావా అని మేనేజరు పిలిచి తిట్టాడు." ఆగింది. చెప్పాలా వద్దా అన్నట్టు ఆమె వైపు చూసి, ఇక ఆగలేక చెప్పేసింది. "మీకిక్కడ ఉప్పులేని తిండి అలవాటైపోయింది గురువుగారూ. నాలుక మారిపోయింది. ఇక్కడ మీరు ఏది చెబితే దానికి అలాగే అంటున్నా. వెళ్ళాక మళ్ళీ ఉప్పు నేనే సరిచేస్తున్నా. ఆరు వారాల నుంచి."



ఆమె భర్త వైపు చూడలేకపోయింది. ఆరు వారాలు. ఆ ఆరు వారాల్లో ఒక సూది, నాలుగు లీటర్ల నీరు. ఎవరికీ అక్కర్లేని రుచి కోసం. పొద్దున్నుంచి తను గెలవాలనే చూసింది. ఆ చెంచాలు మాన్పించాలనే చూసింది. ఇప్పుడు మానతాయి, ఇక అందులో అనుమానం లేదు. కానీ ఇలా కాదు, ఇలా మాత్రం కాదు అని లోపల ఎవరో గింజుకుంటున్నారు.

"ఆ పిల్ల ఏదో కోపంలో..." అని మొదలుపెట్టింది.

"క్షమించండి గురువుగారూ," అంది అమ్మాయి. ఏడుస్తోంది. క్యారియరు ఇంకా కింద పెట్టలేదు. "మీరు కూర్చుని చెబుతుంటే ముఖం వెలుగుతుంది. అందుకే వచ్చాను. ఇంకెందుకూ కాదు."

ఆయన టేబుల్ మీది అయిదు చెంచాలనూ ఒకటొకటిగా దగ్గరికి చేర్చి గుప్పిట్లో పట్టుకున్నాడు. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉన్నాడు. తరవాత మళ్ళీ టేబుల్ మీదే పెట్టాడు. కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. ఒక్క ప్రయత్నంలో లేవలేకపోతే ఆమె చెయ్యి అందించబోయింది. పట్టుకోలేదు. రెండోసారి తనంతట తనే లేచాడు.

"ఏవండీ, గింజలు ఉడికాయి. కాస్త తిని..."

ఆయన చెప్పుల్లోకి కాళ్ళు దూర్చుకున్నాడు. కిందికి చూస్తే కనబడవు కనుక పాదంతోనే తడిమి, ఒకటి దొరికాక రెండోది వెతికాడు. ఆమె వంగి సరిచేద్దామనుకునేలోపలే దొరికింది. అమ్మాయి గుమ్మంలోంచి పక్కకి తప్పుకుంది. ఆయన ఇద్దరి మధ్య నుంచి, ఎవరి వైపూ చూడకుండా, మెట్లు దిగి వీధిలోకి నడిచి వెళ్ళిపోయాడు.